చుక్కకు ఐసు పెట్టె

నవంబరు 9

మాట్లాడకూడదట.

నెల్లూరులో గొంతు డాక్టరు నోట్లోకి కెమెరా దింపి చూశాడు. గొంతు లోపల రెండు కాయలు కాశాయి. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, ముందు నోరు మూసుకుని చూద్దాం అన్నాడు. గుసగుసలు కూడా పనికిరావట, అవి ఇంకా చెరుపట. క్రిస్మస్ ముందర మళ్లీ రమ్మన్నాడు. ఈలోగా అరిస్తే గొంతు ఇక తిరిగి రాదన్నాడు.

"ఏం చేస్తుంటారు?"

"వాక్యం చెప్తాను."

"మైకు లేదా?"

"ఉంది. అయినా అరుస్తాను."

ఆయన నవ్వాడు. నా చివరి మాటలు అవే.

దూత చెప్పింది నమ్మనందుకు జెకర్యా యాజకుడికి మాట పడిపోయింది. నేను ఏ దూతను నమ్మలేదు? బస్సులో కావలి దాకా అదే ఆలోచించాను. ఒక్కటీ తేలలేదు.

లోపల మాటలు పోగుపడుతున్నాయి. అందుకని ఇందులో రాస్తున్నాను. ఇది ఎవరి కోసమూ కాదు. మగ్దలీనమ్మ వేసవిలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక ఈ ఇంట్లో చదవడానికి ఎవరున్నారు?

నవంబరు 11

పలక, సుద్దముక్కలు కొన్నాను. కొట్టు ఇందిరమ్మ "ఎవురికి గిద్యోనన్నా? నీకు మనవళ్లు గూడా లేరే" అంది. గొంతు చూపించి, పెదాల మీద వేలు పెట్టుకుని, పలక చూపించాను. కాసేపటికి అర్థమైంది ఆమెకు.

"దేవుడా! ఊరికి నిమ్మళం!"

కొట్టు ముందున్న వాళ్లంతా నవ్వారు. నవ్వనీ. నోవహును చూసి కూడా నవ్వారు.

నవంబరు 13, ఆదివారం

టైటస్ వాక్యం చెప్పాడు. వలలు అల్లే టైటస్. అక్షరం నేనే నేర్పాను, వాక్యమూ నేనే నేర్పాను. వాడి గొంతు పైకి లేవదు. పసిబిడ్డ నిద్ర చెడకుండా తలుపు దగ్గరగా వేస్తున్నట్టు చెప్తాడు. జనం వింటున్నట్టే కనబడ్డారు. భయపడి వింటే కదా వినడం.

ఇల్లు మా ప్రార్థన షెడ్డు వెనకే కాబట్టి ఇంట్లో కూర్చున్నా అంతా వినబడుతుంది. వచ్చే ఆదివారం నుంచి ఇంట్లోనే కూర్చుంటాను.

నవంబరు 14

చుక్క ఇంట్లోకి వచ్చింది.

పదేళ్లకు పైగా ఇది ఈ ఇంటి పిల్లి. నేను దాని తోకను మాత్రమే చూశాను. నేను గుమ్మంలోకి వస్తే అది పెరటి గోడ దూకుతుంది. మగ్దలీనమ్మ ఉన్నప్పుడూ అంతే. నేను దాన్ని ఏనాడూ కొట్టలేదు, రాయి విసరలేదు. నా గొంతంటేనే దానికి పడదు.

ఈ పొద్దు అన్నం తింటున్నాను. ఏ చప్పుడూ లేదు. తల ఎత్తితే ఎదురుగా కూర్చుని ఉంది. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్ల చుక్క. ముందువైపు నుంచి ఇట్లా ఉంటుందా ఇది!

ఒకసారి మగ్దలీనమ్మతో అన్నాను: గ్రంథంలో సింహం ఉంది, నక్క ఉంది, గాడిద ఉంది, కాకి ఉంది, ఆఖరికి చీమ కూడా ఉంది. పిల్లి ఒక్కటే లేదు. దేవుడు తలవనిది మనింట్లో ఎందుకు?

ఆమె చేపలు తోముతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "అయితే దాని మీద ఏ ఆజ్ఞా లేదు గదయ్యా. గమ్మున వదిలెయ్యి."

చేప తల వేశాను. పారేసేదే కదా.

నవంబరు 15

పిల్లి సంగతి నాకు అనవసరం. దేవుని పనికి పిలవబడినవాణ్ణి.

నవంబరు 19

వాయుగుండం. మూడు పూటలుగా వాన, సముద్రం మీంచి గాలి. చుక్క ఎక్కడ తడిసిందో, వసారాలో కూర్చుని ఒళ్లంతా ఎగరేస్తూ దగ్గుతోంది. పిల్లులు దగ్గుతాయని నాకు తెలియదు.

రొయ్యల బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, ఆటోలో బోగోలు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ పేరు సాయిలక్ష్మి. సూది వేసింది.

"ముసలిదైపోయిందండీ. రొమ్ములో నెమ్ము చేరింది. ఇంకోసారి తడిసి చలి పట్టిందంటే నిలవదు. పొడిగా, వెచ్చగా ఉంచాల. మీదేనా?"

పలక మీద 'కాదు' అని రాశాను. చెరిపి, 'నా భార్యది' అని రాశాను.

"అయితే ఆమెను రమ్మనండి. మందు ఎట్లా తాగించాలో చూపిస్తాను."

పలక సంచిలో పెట్టేసుకున్నాను.

నవంబరు 20

తలుపు వేస్తే ఉండదు. గోడలకు గీరుకుంటూ, ఊపిరాడనట్టు తిరుగుతుంది. తలుపు తీస్తే వసారాలోకి పోయి జల్లులో కూర్చుంటుంది. లోపల పెట్టి మూస్తే చలికి చావదు గానీ, బెంగతో పోతుంది. వసారాలోనే దానికొక చోటు చెయ్యాలి. మగ్దలీనమ్మ చూసుకుంది కాబట్టి. అంతే.

నవంబరు 21

పక్కింటి సర్దార్‌బీ కొడుకు సిలార్ రొయ్యలు కొని నెల్లూరుకు ఎత్తుతాడు. వాళ్ల ఇంటి వెనక తెల్ల తెర్మకోలు పెట్టెలు గుట్టగా పడి ఉంటాయి. అన్నిట్లోకి పెద్దది అడిగి తీసుకున్నాను. 'దేనికి' అని అడిగితే పలక మీద 'పిల్లికి' అని రాశాను. అదే నేను చేసిన తప్పు. నేను రేవులో అడుగు పెట్టేలోపే సంగతి అక్కడంతా పాకింది.

"పాస్టరన్న పిల్లిని ఐసులో పెడతుండాడంట!"

"పచ్చిగానే పంపిస్తుండావా అన్నా, ఎండేసి పంపిస్తుండావా?"

"చలికి చస్తాంది పాపం అని ఐసు పెట్టెలో పడుకోబెడతాడంట. ఎవురన్నా చెప్పండయ్యా ఆయనకు!"

ఇక్కడి వాళ్లకు ఆ పెట్టె అంటే చలి. పుట్టినప్పటి నుంచి దానిలో ఐసు తప్ప ఇంకోటి చూడలేదు. చిన్నప్పుడు నేను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాను. టీ క్యాను ఖాళీ పెట్టెలో పెట్టి మూత వేసేవాళ్లం. సాయంత్రానికి కూడా నాలుక కాలేది. ఆ సంగతి వీళ్లకు చెప్పాలని పలక తీశాను. 'పెట్టె చలిని పుట్టించదు. లోపల ఏది పెడితే దాన్ని బయటికి పోనివ్వదు. ఐసు పెడితే ఐసు నిలుస్తుంది, ఊపిరి పెడితే'

తల ఎత్తేసరికి ఎవరూ లేరు. పడవ వచ్చిందని పోయారు.

ఎంత మంచి వాక్యం! షెడ్డులో అయితే అరగంట చెప్పేవాణ్ణి.

నవంబరు 23

నేను ఏది చేసినా పెద్దదే చేస్తాను. నిన్న పెట్టెకు నా తల దూరేంత వాకిలి కోశాను. లోపల మగ్దలీనమ్మ కప్పుకున్న ఊలు దుప్పటి పరిచాను. ఇటుకల మీద ఎత్తి పెట్టాను. సర్దార్‌బీ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏందన్నా, పిల్లికి ఇల్లు కడుతుండావా, చర్చి కడుతుండావా?"

నవ్వితే కూడా గొంతు కదులుతుందని నవ్వలేదు.

పొద్దున చూస్తే చుక్క లోపల ఒక మూలకు ఒదిగి వణుకుతోంది. చెయ్యి పెట్టి చూశాను. బయట ఎంత చలో లోపలా అంతే. దుప్పటి జల్లు పీల్చుకుని తడిబట్టలా బరువెక్కింది. ఆ తడి దాని కడుపుకు అంటుకుంది.

ఆలోచిస్తే తెలిసింది. అంత పెద్ద పెట్టెకు ఆ ఒళ్లు చాలదు. దాని వేడి దాన్ని చేరేలోపే చెదిరిపోతుంది. రెండు వందల మంది కూర్చోవాలని కట్టిన షెడ్డులో పదిమంది

ఇది రాయను.

నవంబరు 24

సిలార్ దగ్గర చిన్న పెట్టె తెచ్చాను. పిల్లి ముడుచుకుని పడుకుంటే చుట్టూ రెండు వేళ్ల సందు మిగిలేంత. వాకిలి కూడా దాని తల, భుజాలు దూరేంతే. వాకిలి గోడ వైపుకు తిప్పాను, గాలి తగలకుండా. పైన పడవ మీద కప్పే పట్ట ముక్క చుట్టి, అంచులు కింద మడిచి కట్టాను. పాత దుప్పటి తీసేశాను. దానికి బదులు తడి పట్టనిది ఏదో కావాలి.

నవంబరు 30

షెడ్డులో టైటస్, కుర్రవాళ్లు కలిసి క్రిస్మస్‌కు పశువుల పాక కడుతున్నారు. ప్రతి ఏడూ ఆపేవాణ్ణి. బొమ్మలు పెట్టి దండం పెట్టుకుంటే విగ్రహానికీ దీనికీ తేడా ఏముంది అని గర్జించేవాణ్ణి. ఈ ఏడు గర్జించడానికి గొంతు లేదు. బొమ్మలు వచ్చేశాయి. బుచ్చిరెడ్డిపాలెం నుంచి వరిగడ్డి కూడా వచ్చింది. పొడిగడ్డి. బంగారంలా మెరుస్తోంది.

డిసెంబరు 1

వాళ్లు భోజనాలకు పోయినప్పుడు ఒక చంకెడు గడ్డి తెచ్చుకున్నాను. దొంగతనం కాదు. ఆ షెడ్డు కట్టింది నేను.

గడ్డి నీళ్లు పీల్చదు. పైనున్న తడి కిందికి జారిపోతుంది. పిల్లి తనకు తానే దానిలో గుంట చేసుకుంది.

డిసెంబరు 2

టైటస్ వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"అన్నా, పాకలో గడ్డి తగ్గిపోయింది. మేకలు గానీ దూరినాయేమో."

వసారా వైపు చూశాడు. పెట్టె వాకిట్లో నుంచి గడ్డిపోచలు, వాటి మధ్య రెండు కళ్లు. నేను పైకప్పు వైపు చూశాను.

"ఇంకా కావాల్నా అన్నా? శానా ఉండాది."

సాయంత్రం ఒక మోపు తెచ్చి పెట్టి పోయాడు. వాడికి వాక్యం చెప్పడం రాదు, ఆ మాట మీద నేను నిలబడతాను. పిల్లవాడు మాత్రం మంచివాడు.

పోతూ పోతూ అన్నాడు. "క్రిస్మస్ వాక్యం నీదే అన్నా. డాక్టరు సరేననడం ఆలస్యం, మైకు నీ చేతికిస్తా."

డిసెంబరు 3

మైకు నా చేతికి.

డిసెంబరు 4

వెచ్చగా ఉంది. పెట్టెలో చెయ్యి పెడితే అప్పుడే దించిన అన్నం గిన్నె దగ్గర పెట్టినట్టు ఉంది. దగ్గు తగ్గింది.

డిసెంబరు 10

తుపాను మన మీద దిగలేదు గానీ దాని అంచు తగిలింది. కరెంటు లేదు. పడవలన్నీ పైకి లాగేశారు. షెడ్డు రేకులు పొద్దుటి నుంచి కొట్టుకుంటున్నాయి. పొద్దస్తమానం వసారాలో గోడకు వీపు ఆనించి, పెట్టె పక్కనే కూర్చున్నాను. పట్ట లేచిపోకుండా పట్టుకోవడానికి.

చెయ్యి వాకిట్లో పెట్టాను. చుక్క నా వేళ్ల మీద గడ్డం ఆనించి నిద్రపోయింది.

ఎంతమంది తలల మీదో చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. నా చేతి మీద తల పెట్టినవాళ్లు

చెయ్యి తిమ్మిరెక్కింది. తియ్యలేదు.

డిసెంబరు 13

సర్దార్‌బీ పులుసు తెచ్చింది. చుక్కను చూసి కూర్చుండిపోయింది.

"మగ్దలీనక్క దీంతోనే మాట్లాడతా ఉండేది అన్నా. రోజూ సాయంత్రం, నువ్వు షెడ్డు నుంచి వచ్చే దాకా. ఆ మెట్టు మీద."

'ఏం మాట్లాడేది?' అని రాశాను.

"అన్నీ. మోకాలు నొప్పి. కలలో వాళ్లమ్మ కనబడింది. ఆస్పత్రిలో రాసిచ్చిన మాత్ర మింగితే కళ్లు తిరుగుతుండాయని."

కళ్లు తిరుగుతున్నాయని నాతో చెప్పలేదు. 'నాకు ఎందుకు చెప్పలేదు?' అని రాశాను. సుద్ద విరిగింది.

సర్దార్‌బీ నా మొహం చూసి, పలక చూసి, కొంగుతో పలక తుడిచేసింది.

"నీ మాటల్లో సందుంటే గదన్నా" అంది. మెల్లగానే అంది.

పులుసులో కారం ఎక్కువైంది.

డిసెంబరు 14

రాయడానికి ఏమీ లేదు.

డిసెంబరు 17

క్రిస్మస్ వాక్యం తయారైంది. పెట్టె గురించే. లోపల ఏది ఉంచితే అదే నిలుస్తుంది. పగ ఉంచావా, పగ కుళ్లకుండా నిలుస్తుంది. మెత్తగా మొదలుపెట్టి, నడిమధ్యలో నిప్పు పుట్టించి, ఆఖర్న పిడుగు వెయ్యాలి. రేవు వాళ్లు ఐసు అని నవ్వారు కదా, ఒక్కొక్కడి వెన్నులో చలి పుట్టాలి. నాలుక కింద మాటలు మండుతున్నాయి. యిర్మీయా కూడా ఇట్లాగే అన్నాడు, ఎముకల్లో అగ్ని మూసిపెట్టినట్టు ఉందని.

డిసెంబరు 20

కాయలు కరిగిపోయాయి!

డాక్టరు 'ఆ' అనమన్నాడు. అన్నాను. నా గొంతే. కన్నీళ్లు వచ్చాయి, కెమెరా వల్ల అన్నాను. "మాట్లాడుకోండి. మామూలుగా, మెల్లగా. మళ్లీ అరుపులు మొదలుపెట్టారో, మళ్లీ ఇక్కడికే వస్తారు" అన్నాడు. సరే అన్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. సన్నగా జల్లు పడుతోంది. ఎవరికీ చెప్పలేదు. ముందు వాక్యం ఒకసారి చెప్పి చూసుకోవాలి. గ్రంథం చేతిలో పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాను. మెల్లగానే మొదలుపెట్టాను. దేవుని తోడు, మెల్లగానే. పగ దాకా వచ్చేసరికి గొంతు తనంతట తాను లేచింది. ఎన్ని వారాల నిప్పు! బల్ల మీద కొట్టాను. గోడ మీద గడియారం అదిరింది. పిడుగు కూడా వేశాను. ఆమెన్ అని చెమట తుడుచుకుంటూ వసారాలోకి వచ్చాను.

పెట్టె ఖాళీ.

తడి గచ్చు మీద అడుగులు గేటు దాకా ఉన్నాయి. ఆ తర్వాత వాన.

డిసెంబరు 21

నిన్న చీకటి పడే వరకు వెతికాను. తెల్లవారి మళ్లీ మొదలుపెట్టాను. సరుగుడు తోపు, వలల పాక, బోర్లించిన పడవల కింద. గొంతు వచ్చింది కదా, పిలవాలి కదా. పిలిస్తే ఇంకా దూరం పోతుంది. గొంతు ఉండీ పిలవలేని మనిషి నేను తప్ప ఇంకెవరైనా ఉన్నారా?

గోడ అవతల నుంచి సర్దార్‌బీ. "దేనికి తిరుగుతుండావన్నా వానలో?"

పలక ఇంట్లో ఉండిపోయింది. చేతులతో చూపించాను. చెవులు, తోక.

"అయ్యో. అక్క దాన్ని నోటితో పిలిచేది కాదన్నా. సత్తు గిన్నె మీద గోటితో కొట్టేది. టిక్కు టిక్కు అని."

గిన్నె పట్టుకుని తోపులో కొట్టుకుంటూ తిరిగాను. రేవు వాళ్లు చూశారు. ఎవరూ నవ్వలేదు. దానికన్నా నవ్వడమే నయం.

మా ఇంటి వెనకే, సరుగుడు కట్టెల మోపు కింద నుంచి చిన్న మూలుగు. బయటికి లాగితే నీళ్లలో ముంచి తీసిన గుడ్డలా ఉంది. ఊపిరి గురగురమంటోంది. తుడిచాను. పాత గడ్డి తీసేసి కొత్తది వేసి, పెట్టెలో పెట్టి, వాకిటికి నా వీపు అడ్డం పెట్టి కూర్చున్నాను.

ఇంకోసారి తడిస్తే నిలవదు అంది డాక్టరమ్మ. తడిపింది ఎవరు? వాన కాదు.

ప్రార్థన చేశాను. పెదాలు కూడా కదపకుండా. హన్నా అట్లాగే చేసింది, యాజకుడు ఆమె తాగి ఉందనుకున్నాడు.

డిసెంబరు 22

డాక్టరమ్మ మళ్లీ సూది వేసింది. తింటే బతుకుతుంది అంది.

తినలేదు.

డిసెంబరు 23

పొద్దున చేప నీళ్లు మూడు గుక్కలు తాగింది. మధ్యాహ్నం మాత్ర కలిపిన ముక్క తిని, నా వేలు కూడా నాకింది.

టైటస్ వచ్చాడు. "డాక్టరు ఏమన్నాడన్నా? జనం అడుగుతుండారు. ఎల్లుండి నీ వాక్యమేనని చెప్పేసినా."

నేను ఆ పీఠం ఎక్కితే మెల్లగా చెప్పను. నాకు నేను తెలుసు. అక్కడ లేచిన గొంతు అక్కడ దిగదు. నాతోపాటే ఇంటికి వస్తుంది, అన్నం ముందు కూర్చుంటుంది, నిద్రలో కూడా మాట్లాడుతుంది. ఇంట్లో ఇంకొకరికి సందుండదు.

పలక తీసి రాశాను. 'ఇంకా రాలేదు. నువ్వే చెప్పు.'

టైటస్ మొహం వాడిపోయింది. అప్పుడే సర్దార్‌బీ పాల గిన్నెతో గోడ దగ్గరికి వచ్చింది. వాడు ఆమెను అడిగాడు. "మొన్న మజ్జాన్నం అన్న గొంతు వినబడిందని మా ఇంట్లో అంటుండారు. నీకేమన్నా వినబడిందా అక్కా?"

ఆమె నా వైపు చూసింది. నేను పెట్టె వైపు చూశాను.

"రేడియో అయ్యుంటాదబ్బయా. నాకైతే ఏం వినబళ్లా."

ఈ ఇంట్లో రేడియో లేదు. టైటస్‌కూ తెలుసు. తల ఊపి పోయాడు.

అబద్ధం ఆడి అననీయ భార్య అక్కడికక్కడే పడిపోయింది. అయితే ఆమె నోటితో అంది. నేను పలక మీద రాశాను.

డిసెంబరు 24

పొడిగా ఉంది. గాలి లేదు. చుక్క పెట్టె నుంచి లేచి వసారా చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి పడుకుంది.

నాలుక కింద మాటలు ఇంకా మండుతున్నాయి. మండనీ.

డిసెంబరు 25

షెడ్డులో మైకు మోగుతోంది. జనం బాగానే వచ్చినట్టున్నారు, పిల్లల గోల వినబడుతోంది. నేను వసారాలో కూర్చుని వింటున్నాను.

టైటస్ మెల్లగా చెప్తున్నాడు. కాపరులు పొలంలో ఉన్నారన్నాడు. బాగుంది. రాత్రి చలిగా ఉందన్నాడు. బాగుంది. కాపరులు నక్షత్రం చూసి బయలుదేరారన్నాడు.

నక్షత్రమా! కాపరుల దగ్గరికి వచ్చింది దూత! నక్షత్రం తూర్పు జ్ఞానులది! ఎన్నిసార్లు చెప్పాను వీడికి!

లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను.

పెట్టెలో రెండు చెవులు నిక్కాయి.

కూర్చున్నాను. కాపరులు నక్షత్రం చూసే వచ్చారు. రానీ.